గాలి కొలిచి బయలుదేరుడి

ధ్యాన భాగము: ఎజ్రా 8:21–34



వేసవి వచ్చినది. కోతలు ముగిసి, బడులు మూతపడి, కన్వెన్షన్లకును పెండ్లిండ్లకును మన సంఘములవారు ప్రయాణములు కట్టు దినములివి. ఒకప్పుడు ఇట్టి ప్రయాణములు ఎడ్లబండ్లపై జరిగెడివి. బండి కట్టుటకు ముందు ఇంటి పెద్ద ఇరుసుకు కందెన రాచి, కడసీల బిగువుగా ఉన్నదో లేదో చేతితో తడిమి చూచి, అటుపిమ్మటనే ఎడ్లను కాడికి కట్టెడివాడు. వడ్రంగి నిన్ననే బండిని బాగుచేసి పంపినను, ఆ కడసీలను తడిమి చూడక మానెడివాడు కాడు. నేడు మన పల్లెలలోనికి కార్లు, వ్యానులు వచ్చినవి. ఎడ్లు పోయినవి, కడసీల పోయినది. దానితోకూడ ఆ తడిమి చూచు అలవాటు కూడ పోవుచున్నదేమో అని మాకు తోచుచున్నది.

కాబట్టి ఈ నెల ధ్యానమునకు మిక్కిలి చిన్న సంగతి నొకదానిని ఎత్తుకొనుచున్నాము. షెడ్డులో సర్వీసింగు చేయించి కారును ఇంటికి తెచ్చుకొన్న తరువాత, టైర్లలో గాలి ఎంత ఉన్నదో మనము మరల కొలిచి చూడవలెనా, అక్కరలేదా? ఇది దేవుని వాక్యముతో నిమిత్తము లేని ప్రశ్న అని కొందరనవచ్చును. ఎజ్రా గ్రంథమును చదివినవారు అట్లనలేరు.

తూచి ఇచ్చెను, తూచి పుచ్చుకొనిరి

ఎజ్రా తన జనులతో బబులోను నుండి యెరూషలేమునకు బయలుదేరెను. అది నాలుగు నెలల ప్రయాణము. దారిలో దొంగలు, శత్రువులు పొంచియుండు కాలము. అయినను అతడు రాజునొద్ద సైనికులను అడుగలేదు. దేవుడే తమ్మును కాపాడునని రాజు ఎదుట సాక్ష్యమిచ్చిన నోటితో గుఱ్ఱపు రౌతులను అడుగుటకు అతడు సిగ్గుపడెను. అహవా నది యొద్ద అందరును ఉపవాసముండి, పిన్నపెద్దలందరికిని క్షేమమైన మార్గము దయచేయుమని దేవుని వేడుకొనిరి.

ఇంతటి విశ్వాసముగల ఎజ్రా తరువాత చేసిన పని యేమి? దేవుని మందిరమునకు చేరవలసిన వెండి బంగారములను పండ్రెండుగురు ప్రధాన యాజకులకు అప్పగించెను. అయితే ఊరక అప్పగింపలేదు. వారి యెదుట తూచి అప్పగించెను. 650 తలాంతుల వెండి, 100 తలాంతుల బంగారము, మరియు ఇతర పాత్రలు. యెరూషలేము చేరిన పిమ్మట మూడు దినములు విశ్రమించి, నాలుగవ దినమున దేవుని మందిరములో మరల తూచిరి. ఎన్ని వస్తువులో లెక్కించిరి, ఎంత బరువో చూచిరి, ఆ బరువును వ్రాసి పెట్టిరి.

ప్రియులారా, ఆ యాజకులు ఎవరు? షేరేబ్యా, హషబ్యా, వారి సహోదరులు. దేవునికి ప్రత్యేకింపబడినవారు. బబులోనులో ఒకసారి తూచిన దానిని యెరూషలేములో మరల తూచినప్పుడు, మమ్మును దొంగలుగా చూచితిరా అని వారిలో ఒక్కడైనను అలిగినట్లు వ్రాయబడలేదు. ఏలయనగా ఆ తూనిక అనుమానము వలన పుట్టినది కాదు. ఆ వెండి వారిది కాదు, ఎజ్రాది కాదు, దేవునిది. దేవునిదైన దానిని మోయువాడు దానిని తూచుటకు సిగ్గుపడడు, తూచినప్పుడు కోపపడడు.

వెండి బంగారములకే ఇంత జాగ్రత్త అవసరమైనప్పుడు, కారులో కూర్చుండబెట్టి తీసికొనిపోవు మన తల్లుల ప్రాణములకును బిడ్డల ప్రాణములకును ఎంత జాగ్రత్త అవసరము! అవియు మనవి కావు, దేవునివే.

మా సంఘములో జరిగిన సంగతి

గత వేసవిలో మా సంఘస్థులు 14 మంది, వారిలో అయిదుగురు చిన్న బిడ్డలు, ఒక వ్యానులో 120 కిలోమీటర్ల దూరమున జరుగు కూటములకు పోవుటకు సిద్ధపడిరి. 16వ నంబరు జాతీయ రహదారి మీద ప్రయాణము. శనివారమునాడు వ్యానును షెడ్డులో ఇచ్చి, ఆయిలు మార్పించి, బ్రేకులు చూపించి, ముందు చక్రములను వెనుకకును వెనుక చక్రములను ముందుకును మార్పించిరి. బిల్లు కాగితములో గాలి చూచితిమని గుర్తు పెట్టబడియుండెను.

సోమవారము తెల్లవారుజామున అందరును మందిరము ముందర కూడిరి. ఐ.టి.ఐ. చదువుచున్న ఒక యువకుడు జేబులోనుండి చిన్న గేజి తీసి టైర్ల ప్రక్కన కూర్చుండెను. అది చూచి మా పెద్దలలో ఒకరు, "బాబూ, బండి మొన్ననే షెడ్డునుంచి వచ్చింది గదా. మళ్లీ చూడటం మేస్త్రీని అవమానించినట్టు కాదూ?" అనిరి. ఆ యువకుడు లేచి నిలిచి, "తాతగారూ, ఆయన చేసింది తప్పని కాదండి. రాత్రంతా బండి నిలబడి చల్లబడింది. ఇప్పుడు చూస్తేనే అసలు లెక్క తెలుస్తుందండి" అని వినయముగా జవాబిచ్చెను.

డ్రైవరు తలుపు తెరచినచో ప్రక్కనున్న స్తంభముమీద వ్యాను చేసినవారు అంటించిన పట్టిక యున్నది. నిండు బరువుతో పోవునప్పుడు ముందు టైర్లకు 33 పౌండ్లు, వెనుక టైర్లకు 40 పౌండ్లు అని అందులో వ్రాసియున్నది. గేజి చూపిన లెక్క వేరు. ముందు రెండింటిలోను 40, 40. వెనుక కుడివైపున 33. వెనుక ఎడమవైపున 21. చక్రములను మార్చినవారు గాలిని మార్చలేదు. వెనుకటి గాలి ముందునకు, ముందటి గాలి వెనుకకు అట్లే వచ్చెను. బిడ్డలును సామానులును కూర్చుండు వెనుక భాగమున గాలి తక్కువగా నిలిచెను. ఎడమ టైరు వాల్వుపైన సబ్బునీళ్లు పోసి చూడగా సన్నని బుడగలు వచ్చెను. లోపలి పిన్ను సరిగా కూర్చుండలేదు. పంక్చరు దుకాణమువానిని లేపి, పిన్ను మార్పించి, గాలి సరిచేయించి, ముప్పావుగంట ఆలస్యముగా బయలుదేరిరి. దేవుని కృపచేత అందరును క్షేమముగా వెళ్లి క్షేమముగా తిరిగివచ్చిరి.

వచ్చిన తరువాత ఆ సంగతి మేస్త్రీతో చెప్పినప్పుడు అతడు ముఖము చిన్నబుచ్చుకొనలేదు. "మంచిపని చేశారండి. చక్రం మార్చినప్పుడు గాలి కూడా మార్చాలి, మా కుర్రాడు మరిచాడు. నట్లు కూడా ఒకసారి బిగించి ఇస్తాను" అని పానా తెచ్చుకొని బిగించెను. మంచి పనివాడు తన పనిని ఇంకొకడు కొలిచి చూచుటకు భయపడడు. ఇది షేరేబ్యా మనస్సు.

నాలుగు పోస్టుకార్డులు

గాలి నింపిన చక్రము ఎట్లు వచ్చెనో చాలమందికి తెలియదు. 1845వ సంవత్సరమున రాబర్టు విలియం థామ్సను అను నతడు దానికి పేటెంటు పొందెను గాని అది వాడుకలోనికి రాలేదు. 1888లో బెల్ఫాస్టు పట్టణమున జాన్ బాయిడ్ డన్లప్ అను పశువైద్యుడు తన చిన్న కుమారుని మూడు చక్రముల బండి కుదుపు లేకుండ సాగుటకై రబ్బరు గొట్టములో గాలి నింపి కట్టెను. నేడు లోకమంతట తిరుగు గాలి చక్రము ఆ తండ్రి తన బిడ్డ కొరకు పడిన శ్రమనుండి వ్యాపించినదే.

ఆ గాలి ఏమి పని చేయును? లెక్క వేసి చూడుడి. మనుష్యులతో కలిసి 1,200 కిలోల బరువుగల కారులో ఒక్కొక్క చక్రముమీద సుమారు 300 కిలోలు పడును. టైరులో 33 పౌండ్ల గాలి, అనగా చదరపు సెంటీమీటరుకు సుమారు 2.3 కిలోల ఒత్తిడి యున్నచో, ఆ బరువును మోయుటకు టైరు నేలను తాకు చోటు సుమారు 130 చదరపు సెంటీమీటర్లు. మన తపాలా కార్డు వైశాల్యము 126. కుటుంబమంతయు నాలుగు పోస్టుకార్డులంత చోటుమీద రోడ్డును పట్టుకొని పోవుచున్నది! బ్రేకు వేసినను, మలుపు తిరిగినను, వర్షములో నడిపినను ఆ నాలుగు కార్డులే ఆధారము.

గాలి తక్కువైనచో టైరు ప్రక్కభాగము చక్రము తిరిగిన ప్రతిసారియు నలిగి వేడెక్కును. లోపలి దారములు రబ్బరునుండి విడిపోవును. రెంటచింతల వంటి చోట్ల కాయు మన వేసవి ఎండలో, నిండు బరువుతో, రహదారిపై వేగముగా పోవునప్పుడు అట్టి టైరు పగులును. గాలి ఎక్కువైనచో పగులదా యనిన, అదియు మేలు కాదు. టైరు ఉబ్బి నడుమ మాత్రమే నేలను తాకును. పట్టు తగ్గును, నడిమి భాగము త్వరగా అరుగును, గుంటలో పడినప్పుడు దెబ్బ గట్టిగా తగులును.

కొలుచు విధము

షెడ్డులో చేయువారు బుద్ధిపూర్వకముగా తప్పు చేయుదురని మేము చెప్పుట లేదు. దినమునకు అనేక బండ్లు వచ్చును. అన్నిటికిని ఒకే అంకె గాలి పట్టించుట సులభము. పైగా బండి ఎండలో నడిచి వచ్చుటచేత టైర్లు వేడిగా నుండును. కాబట్టి ఇంటివారు చేయవలసిన పని ఇది.

మొదట, సర్వీసింగు జరిగిన మరునాటి ఉదయమున బండి కదలక ముందు కొలువుడి. బండి కనీసము మూడు గంటలు నిలిచియుండవలెను. పరుగెత్తిన టైరులో గాలి వేడెక్కి నాలుగు పౌండ్లో, అంతకంటె ఎక్కువయో అధికముగా చూపును. వేడి టైరును చూచి ఎక్కువైనదని గాలి వదలినచో, చల్లబడిన తరువాత అది తక్కువైపోవును.

రెండవది, అంకెను తలుపు ప్రక్కనున్న పట్టికలో చూడుడి. పొరుగువాని కారు అంకె మీ కారుకు సరిపడదు. టైరు ప్రక్కన అచ్చు వేసిన అంకె ఆ టైరు భరింపగల మిక్కిలి ఎక్కువ ఒత్తిడి. అది నింపవలసిన అంకె కాదు. ఒంటరిగా పోవుటకు ఒక లెక్క, నిండు బరువుతో పోవుటకు మరియొక లెక్క ఉండవచ్చును.

మూడవది, స్టెప్నీని మరువకుడి. నాలుగు చక్రములను చూచి అయిదవదానిని మరచుట సామాన్యము.

నాలుగవది, వాల్వు మూతలను మరల బిగింపుడి. చక్రములు విప్పి బిగించినచో, 80 లేక 100 కిలోమీటర్లు నడిచిన తరువాత నట్లను మరియొకసారి బిగింపించుడి. ఆ తరువాత నెలకొకసారియైనను గాలి కొలువుడి. రంధ్రము లేని మంచి టైరునుండి సయితము నెలకు సుమారు ఒక పౌండు గాలి తనంతట తాను తగ్గును.

కొన్ని క్రొత్త కార్లలో గాలి తగ్గినప్పుడు వెలుగు దీపము కలదు. అది మంచిదే. అయితే చాల బండ్లలో గాలి బాగుగా తగ్గిన తరువాతనే ఆ దీపము వెలుగును. దీపము వెలుగలేదు గనుక గాలి సరిగా ఉన్నదని యెంచకుడి.

ప్రార్థనయు కావలియు

ఇప్పుడు మిక్కిలి ముఖ్యమైన మాట. మన సంఘములలో ప్రయాణమునకు ముందు బండిమీద చేయి వేసి ప్రార్థించు మంచి ఆచారము కలదు. దానిని ఎన్నటికిని విడువకుడి. అయితే ప్రార్థించితిమి గనుక కొలువ నక్కరలేదనుట విశ్వాసము కాదు. దేవాలయ శిఖరముమీద నిలువబెట్టి, దూకుము, దూతలు నిన్ను ఎత్తిపట్టుకొందురని అపవాది చెప్పినప్పుడు, మన ప్రభువు దానిని విశ్వాసమని పిలువలేదు. దేవుని శోధించుట యని పిలిచెను. 21 పౌండ్ల టైరుమీద అయిదుగురు బిడ్డలను కూర్చుండబెట్టి దేవుడు చూచుకొనునని చెప్పువాడు ఆ శిఖరమునకు దగ్గరగా నిలిచియున్నాడు.

నెహెమ్యా ఏమి చేసెను? శత్రువులు వచ్చుచున్నారని వినగానే దేవుని ప్రార్థించెను. అదే సమయమున రాత్రింబగళ్లు కావలి ఉంచెను. ప్రార్థన కావలిని రద్దుచేయలేదు, కావలి ప్రార్థనను రద్దుచేయలేదు. మోషే ధర్మశాస్త్రములో క్రొత్త ఇల్లు కట్టువాడు మిద్దె చుట్టు పిట్టగోడ కట్టవలెనని ఆజ్ఞ కలదు. ఎవడైనను మిద్దెమీదనుండి పడినచో ఆ రక్తాపరాధము ఇంటివానిమీదికి వచ్చును. ఆ ఆజ్ఞ మేస్త్రీకి ఇయ్యబడలేదు, ఇంటివానికి ఇయ్యబడినది. పని చేసినవాడు వేరొకడు కావచ్చును, బాధ్యత యజమానునిదే.

అట్లని అందరిని అనుమానించు గుణమును అలవరచుకొనకుడి. యోవాషు దినములలో మందిరమును బాగుచేయించిన వారు నమ్మకస్థులు గనుక వారిని లెక్క అడుగలేదని రాజుల గ్రంథము చెప్పుచున్నది. అయితే ఆ అధ్యాయములోనే, పెట్టెలో పడిన ద్రవ్యమును రాజు లేఖికుడును ప్రధాన యాజకుడును కలిసి లెక్కించిరని కూడ ఉన్నది. నమ్మికయు లెక్కయు ఒకే మందిరములో ఒకే కాలమున కలిసియుండెను. మనము టైరును కొలుచుచున్నాము, మనుష్యుని కాదు. తప్పు కనబడినచో అంగడివీధిలో కేకలు వేయక, ఆ పనివానికే నెమ్మదిగా చెప్పుడి. అతని తరువాతి బండి కూడ బాగుపడును.

చల్లబడినప్పుడు కొలువుడి

ఇంకొక మాట చెప్పి ముగింతుము. ఈ వేసవిలో అనేకులు కూటములకు పోయి, వాక్యము విని, కన్నీటితో తీర్మానములు చేసికొని తిరిగివత్తురు. ఆత్మకును అది సర్వీసింగు వంటిదే. కూటముల చివరి రాత్రి పాటల నడుమ మన హృదయమును కొలిచినచో గేజి ముల్లు ఎంతో పైకి పోవును. అది వేడి టైరు లెక్క. ఇంటికి వచ్చిన మూడవ దినమున, కూర ఉప్పగానున్న పూట, అప్పువాడు వాకిట నిలిచిన పూట, పొలము గట్టుమీద అన్నదమ్ములకు మాట వచ్చిన పూట కొలిచి చూచుకొనుడి. ఎజ్రా కూడ చేరిన సంతోషములోనే తూచలేదు. మూడు దినములు ఆగి నాలుగవ దినమున తూచెను.

కొలుచునప్పుడు పొరుగువాని భక్తితో పోల్చుకొనకుడి. చేసినవాడు వ్రాసియిచ్చిన పట్టికనే చూడుడి. గర్వముతో ఉబ్బిన భక్తుడు సంఘమును నడిమి అంచుతో మాత్రమే తాకును. పేదవాని ఇంటికి అతని పాదము పోదు. ప్రార్థన మానిన భక్తుడు చిన్న బరువుకే నలిగిపోవును. మరియు కష్టకాలమునకని వెనుక దాచిన విశ్వాసమును అప్పుడప్పుడు బయటకు తీసి చూచుకొనుడి. స్టెప్నీలో గాలి లేదని నడిరాత్రి నడిరోడ్డుమీద తెలిసికొనుట ఎంత దుఃఖము!

సంఘ పెద్దలకు మా మనవి. మందిరపు బీరువాలో మంచి గేజి ఒకటి కొని ఉంచుడి. సంఘమునుండి ఏ బండి దూరప్రయాణము బయలుదేరినను, ఒక యువకుడు అయిదు చక్రములను కొలిచి ఆ అంకెలను ఒక పుస్తకములో వ్రాయవలెను. అటుపిమ్మట పెద్దలు ప్రార్థన చేసి పంపవలెను.

మా ప్రయాణములను ఎరిగిన తండ్రీ, నీవు మాకు అప్పగించిన ప్రాణములను వెండి బంగారములకంటె జాగ్రత్తగా మోయు మనస్సును మాకు దయచేయుము. మా పనివారి చేతులను దీవింపుము. చిన్న సంగతులలో నమ్మకముగా నుండ మాకు నేర్పుము. ఈ వేసవిలో రోడ్లపై నున్న నీ బిడ్డలందరిని క్షేమముగా ఇండ్లకు చేర్చుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమెన్.